ఉప్పుగాలికి వారంటీ లేదట

వైజాగ్‌లో సముద్రం కనిపించే ఇల్లంటే అందరూ కుళ్లుకుంటారు గానీ, ఆ గాలి మింగేసే సామాన్ల లెక్క ఎవరూ అడగరు. పెదవాల్తేరులో మా మేడ మీద ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మళ్లీ పోయింది. మెకానిక్ మూత విప్పి, "అంతా ఉప్పేనండి, బీచ్ దగ్గరిళ్లన్నీ ఇంతే" అన్నాడు. రాగి గొట్టాలకి అల్యూమినియం రేకులు ఆనుకుని ఉంటాయి కదా, మధ్యలో ఉప్పుతేమ చేరితే ముందు పోయేది అల్యూమినియమే. ముట్టుకుంటే తెల్లగా పొడి రాలుతోంది. కంపెనీకి ఫోన్ చేస్తే తుప్పుకి వారంటీ వర్తించదన్నారు. మరి ఈ ఊళ్లో షోరూం ఎందుకు పెట్టినట్టో!

ఫోన్లదీ అదే వరస. నీళ్లూ దుమ్మూ తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 రేటింగ్ గొప్పగా రాస్తారు, ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో. ఆర్కే బీచ్ అలకి ఆ అంకెతో పనిలేదు. నాది ఛార్జింగ్ పెడితే చాలు, పోర్టులో తడి ఉందని మొండికేస్తుంది. ఈ ఉక్కపోతలో తడి లేనిదెక్కడ?

ఈసారి ఏసీకి ఆ గొట్టాలూ రేకులూ ఉండే కాయిల్‌కి తుప్పు పట్టకుండా పూత వేసిన యూనిట్‌నే అడిగాను. రేటు ఎక్కువే. అమ్మేమో హాయిగా కిటికీలు తీసుకుని పడుకోమంటోంది. దోమల సంగతి ఎవరు చూస్తారమ్మా?