రాత్రంతా పళ్ళు కొరుకుతున్నానట
పొద్దున లేవగానే కణతల దగ్గర నొప్పి, దవడ బిగుసుకుపోయి ఆవులించాలన్నా కష్టం. డెంటిస్ట్ చూసి "నిద్రలో పళ్ళు కొరుకుతారా?" అన్నారు, నేను నోరు తెరిచే లోపే మా ఆయన "కొరకడమా, పక్కన నాకు నిద్రుండదు" అనేశారు. అమ్మకి ఫోన్ చేస్తే నులిపురుగులేమో మాత్ర వేసుకో అంది (మన ఇళ్ళల్లో దేనికైనా అదే). డాక్టర్ మాత్రం టెన్షన్, సరిగ్గా లేని నిద్ర, రాత్రి కాఫీ, సిగరెట్, కొందరికి డిప్రెషన్ మాత్రలు కూడా కారణమవుతాయన్నారు, గురక ఉంటే అదీ చూపించుకోవాలట. పళ్ళ అచ్చు తీసి నైట్ గార్డ్ (రాత్రి పళ్ళకి పెట్టుకునే తొడుగు) చేసిచ్చారు, అది కొరకడాన్ని ఆపదు, పళ్ళు అరగకుండా కాపాడుతుంది, అంతే. అసలు పగలు కూడా ఆఫీసులో దవడ బిగబట్టే కూర్చుంటున్నా! పెదాలు మూసి ఉన్నా పై పళ్ళు కింది పళ్ళకి తగలకూడదట. మీవి తగులుతున్నాయా?