18,000 రూపాయల ఇయర్‌ఫోన్లు

నల్లగొండ నుంచి హైదరాబాదుకు వారానికి రెండుసార్లు బస్సులో వెళ్లివచ్చే నేను, మిత్రుడి దగ్గర అడిగి తెచ్చుకున్న 18,000 రూపాయల వైరు ఇయర్‌ఫోన్లను పది రోజులు వాడి చూశాను. మొదటి రోజు నిరాశే మిగిలింది. తబలా పక్కన మంద్రంగా మోగే డగ్గా నాదం బొత్తిగా పలకలేదు. లోపం ఇయర్‌ఫోన్లలో లేదని, చెవిలో దూర్చే సిలికాన్ తొడుగు నాకు చిన్నదైందని, ఆ సందులోంచే మంద్రస్వరాలు జారిపోతున్నాయని మర్నాడు పెద్ద సైజు తొడిగాక తెలిసింది. (అదే పని నా 900 రూపాయల పాత జతకు చేస్తే అదీ చాలావరకు బాగుపడింది, ఆ మాట మిత్రుడికి ఇంకా చెప్పలేదు.)

రాత్రి డాబా మీద కూర్చొని విన్నప్పుడు మాత్రం తేడా స్పష్టంగా తెలిసింది: గాయని ఊపిరి తీసుకోవడం, హార్మోనియం తిత్తి కదలడం కూడా విడివిడిగా వినిపించాయి. అయితే నార్కట్‌పల్లి దగ్గర బస్సు 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి వేగం పెంచాక, ఇంజన్ హోరులో ఆ సూక్ష్మాలన్నీ మునిగిపోయాయి. పైగా బయటి చప్పుడును అణచే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఈ జతలో లేదు. నేను వినేదంతా దాదాపు బస్సులోనే కాబట్టి, దాన్ని తిరిగి ఇచ్చేసి, పాత జతకే 300 రూపాయలు పెట్టి ఫోమ్ తొడుగులు కొనుక్కున్నాను.