అరవై దాటాక బలం ఒక్కటే చాలలేదు: నా అనుభవం

జిమ్‌కి వెళ్లడం మొదలుపెట్టి ఏడాది దాటింది, లెగ్ ప్రెస్‌లో (కూర్చుని కాళ్లతో బరువును తోసే యంత్రం) బరువు బాగానే పెరిగింది, అయినా మా విజయనగరం కోట దగ్గర రోడ్డు దాటేటప్పుడు వెనక ఆటో హారన్ కొడితే చటుక్కున అడుగు పడేది కాదు. ఇదేమిటని మా ట్రైనర్‌ని అడిగాను. కొండవెలగాడ కుర్రాడు, వెయిట్‌లిఫ్టర్ల ఊరు కదా, ఈ సంగతులు వాళ్లకు బాగా తెలుసు. "మాస్టారూ, మీకు బలానికి లోటు లేదు, అవసరానికి ఆ బలం అందుకోవడానికే టైం పడుతోంది" అన్నాడు. వయసు పెరిగేకొద్దీ కండలో వేగంగా పనిచేసే పోగులే ఎక్కువ సన్నబడతాయి, అందుకే బలం కంటే చురుకు త్వరగా తగ్గుతుంది. మన ఆమదాలవలస వైపు అమ్మాయి వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు రకాల లిఫ్టులూ కలిపి 240 కిలోలు ఎత్తిందంటే అది ఉత్త బలమేనా, రెప్పపాటులో బార్‌ని పైకి లాగిన వేగం కూడా.

అందుకే వేగంగా చేసే వ్యాయామాలు మొదలుపెడదామన్నాడు ట్రైనర్. ముందు డాక్టరు గారు బీపీ, మోకాళ్లు చూసి సరే అన్నారు. అప్పటికే మామూలు బరువులు అలవాటై ఉండటం కలిసొచ్చింది, కొత్తవాళ్లని ఆ అబ్బాయి ఒకేసారి వేగంలోకి దింపడు.

మొదట బరువే లేదు, గోడకు ఆనించిన కుర్చీ ఒక్కటే. చేతులు ఛాతీ మీద కట్టుకుని గాలి వదులుతూ ఒక్క ఊపున లేవాలి, కూర్చునేటప్పుడు మాత్రం రెండు మూడు సెకన్లు పట్టేలా మెల్లగా దిగాలి. దభీమని కూలబడితే "అది లెక్కలోకి రాదు మాస్టారూ" అనేవాడు. తొడలు వణికేది ఆ దిగడంలోనే. ఊపిరి బిగబట్టకూడదు, బీపీ పెరుగుతుంది. ఆరు నుంచి పది సార్లు, తర్వాత బాగా తేరుకునేదాకా విశ్రాంతి. మధ్యలో వేగం తగ్గిందా, అక్కడితో ఆపెయ్యాలి. ఒళ్లు హూనమైతేనే వ్యాయామం అనుకునే మనవాళ్లకి ఇది ఎక్కదు గానీ, నా మట్టుకు అసలు కీలకం ఇదే.

చివరిసారి కూడా మొదటిసారంత చురుగ్గా లేవగలిగాక డంబెల్ పట్టుకోమన్నాడు, తర్వాత మెట్టు ఎక్కడం, మడమలెత్తడం, ఆ తర్వాతే లెగ్ ప్రెస్. అది కూడా ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే బరువులో 30 నుంచి 60 శాతం లోపే, నన్ను తక్కువ నుంచే మొదలుపెట్టించాడు. బరువు పెంచాక వేగం పడిపోతే మళ్లీ పాత బరువుకే. వారానికి రెండు రోజులు, మధ్యలో విరామం. కండ పట్టేస్తే పర్వాలేదు, కీలు నొప్పెడితే మాత్రం ఆ రోజుకి బంద్.

మొన్న పెద్దచెరువు గట్టు మీద రాయి తట్టుకుంటే రెండో కాలు దానంతటదే ముందుకు పడింది, నిలదొక్కుకున్నాను. ఎంత సంతోషమేసిందో! ఇప్పుడు మెడిసిన్ బాల్, అంటే బరువైన బంతి, గోడకేసి కొట్టడం నేర్పిస్తున్నాడు. మా ఆవిడ కూడా కుర్చీతో మొదలుపెట్టింది, తనకి లేవడం కష్టం కాబట్టి కాస్త ఎత్తు కుర్చీ వేశాం.