అంచులు లేచిన స్టిక్కర్
నేను వ్యాన్‌కి వేసిన స్టిక్కర్ ఇవాళ మళ్లీ చూశాను. డోర్ వంపు దగ్గర అంచులు లేచిపోయాయి. గోటితో తడిమితే కింద సన్నటి తెల్లగీత. ప్రాణం ఉసూరుమంది. ప్రింటర్ తప్పేం లేదు, తొందర నాది. ఎకో సాల్వెంట్ ఇంక్ పైకి ఆరినట్టే ఉంటుంది కానీ లోపల సాల్వెంట్ (ఇంక్‌లో ఉండే, మెల్లగా ఆవిరైపోయే ద్రవం) మిగిలి ఉంటుంది. కనీసం 24 గంటలు ఆరనిచ్చాకే లామినేషన్ (ప్రింట్ పైన పారదర్శక పొర అంటించడం) చేయాలి. నేను ఆ సాయంత్రమే చేసేశాను. పైగా వంపుల మీద క్యాలెండర్డ్ వినైల్ (రోలర్ల మధ్య నొక్కి చేసే స్టిక్కర్ షీట్)! సాగదీసి అంటిస్తే అది మళ్లీ వెనక్కి లాక్కుంటుంది. అక్కడ కాస్ట్ వినైలే వేయాలి, అది ద్రవంగా పోసి ఆరబెట్టి చేసే షీట్, అంతగా వెనక్కి లాక్కోదు.

ప్రింటర్ కొనేటప్పుడు అందరం స్పీడ్, డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు వేస్తుందో) అడుగుతాం. ఈసారి మాత్రం నేను ప్రింట్ చేసే బోర్డు ఎక్కడ పెడతారన్నదే ముందు చూస్తాను. గాలి ఎక్కువుంటే మెష్ బ్యానర్ (గాలి దూరిపోయే చిల్లులున్న బ్యానర్), వెనక లైటుంటే బ్యాక్‌లిట్ ఫిల్మ్. లేటెక్స్ మెషిన్ (నీటి ఆధారిత ఇంక్ వాడే ప్రింటర్) మీద మనసు పడింది, ప్రింట్ ఆరిపోయే బయటికొస్తుంది. రేపు ఆ స్టిక్కర్ మొత్తం పీకి కొత్తది వేస్తున్నాను.