సాగర్ నుంచి పాలమూరు దాకా, రెండు సీసాలతో

ఫిబ్రవరి మూడో వారం. నల్గొండలో తెల్లవారకముందే బయలుదేరి, సాగర్ డ్యామ్ దాటి, విజయపురి సౌత్‌లో మొదటి లాంచీ అందుకున్నాం నేనూ మా తమ్ముడూ. కారు డిక్కీలో రెండు వైన్ సీసాలున్నాయి. రెండూ హైదరాబాద్‌లో కొన్నవే. ఒకటి నాసిక్‌లో చేసిన తెల్ల వైన్, షెనిన్ బ్లాంక్. ఫ్రాన్స్‌లో లువార్ నది ఒడ్డు ద్రాక్ష అది. రెండోది బెంగళూరు దగ్గరి నందీ హిల్స్ ఎర్ర వైన్. కాబర్నే సావిన్యోన్, షిరాజ్ అనే రెండు ద్రాక్షలు కలిపి చేసింది. తెల్లదాన్ని ఐస్ డబ్బాలో పెట్టాను. ఎర్రదాన్ని పాత తువ్వాలలో చుట్టి అట్లాగే వదిలేశాను. అది ఎంత తప్పో సాయంత్రం దాకా తెలియలేదు.

నాసిక్‌లో ఒక వైనరీ ల్యాబ్‌లో నాలుగు సీజన్లు పనిచేశాను. జనవరి నుంచి మార్చి దాకా ద్రాక్ష దిగుతుంటే రోజూ ట్యాంకుల దగ్గర నమూనాలు తీసి, చక్కెర, పులుపు కొలిచి, రుచి చూసి కాగితం నింపాలి. ఆ కాగితం మీద రాసే మాటలన్నీ ఇంగ్లిష్‌వి. గూస్‌బెర్రీ, గ్రీన్ యాపిల్, బ్లాక్‌కరెంట్. గూస్‌బెర్రీ అంటే మన ఉసిరికాయే అనుకుని మొదటి ఏడాదంతా రాశాను. కాదు, అది యూరప్‌లో కాసే వేరే కాయ. నేను ఒక్కసారి కూడా తినలేదు. బ్లాక్‌కరెంట్ కూడా అంతే. తినని కాయల పేర్లు చెప్పి, రోజూ నోట్లో పోసుకునే దాని రుచి రాసేవాణ్ణి. ఒకసారి అమ్మ ఫోన్‌లో "నువ్వు చేసేది ఎట్లుంటది బిడ్డా?" అని అడిగింది. "మంచిగుంటదమ్మా" అన్నాను. ఇంకో మాట దొరకలేదు. ఆ మాటల కోసమే ఈ తిరుగుడు. మనవాళ్లకు రుచి చూపించి, వాళ్ల నోటి నుంచి వచ్చింది వచ్చినట్టు రాసుకోవాలని ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను.

నాగార్జునకొండకు చిన్నప్పుడు స్కూలు పిల్లలతో వచ్చాను. అప్పటిది లాంచీ ఒక్కటే గుర్తుంది. ఈసారి వచ్చింది ఒక రాయి కోసం. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి ఈ నీళ్ల అడుగున ఉంది. లోయ మునిగిపోకముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. రాజభవనం ఉన్న చోట బయటపడిన ఒక స్తంభం మీద ఓ మగమనిషి బొమ్మ ఉంది. కొద్దిపాటి గడ్డం, పైన బట్ట లేదు, చేతిలో తాగడానికి కొమ్ము, పక్కన పాత్ర. గ్రీకుల వైన్ దేవుడు డయోనిసస్ పోలిక అది అని పండితులు గుర్తుపట్టారు. నల్గొండ జిల్లా నేలలో రోమన్ నాణేలు దొరికిన సంగతి మాకు స్కూల్లోనే చెప్పారు. రుతుపవనాల గాలి పట్టుకుని ఎర్ర సముద్రం నుంచి వచ్చిన ఓడలు మన మిరియాలు, సన్నబట్టలు ఎక్కించుకుని, బంగారం, వెండి, రెండు చెవుల మట్టి కూజాల్లో వైన్ దింపి పోయేవి. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో ఆ కూజాల పెంకులు బయటపడ్డాయి. వైన్ మనకు నిన్నమొన్న వచ్చిన సోకు అని ఎవరన్నా అంటే ఇకమీదట నాకు ఆ కొమ్మే గుర్తొస్తుంది. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో, "అన్నా, లాంచీ పోతది" అని తమ్ముడు రెండుసార్లు పిలవాల్సొచ్చింది.

మధ్యాహ్నం భోజనం హిల్ కాలనీలో మేనత్త ఇంట్లో. బొచ్చె ముక్కలకు ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి దట్టంగా పట్టించి పెనం మీద వేయించింది. తెల్ల సీసా తీసి స్టీలు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోశాను. తమ్ముడికి పోయలేదు, బండి నడిపేది వాడే. ముందు మామ తాగాడు. అత్తమ్మ వద్దు వద్దంటూనే, చేప ముక్క నోట్లో ఉండగా ఒక గుక్క తీసుకుని ఆగింది. "పచ్చిమామిడి ముక్క బెల్లంల అద్దుకొని తిన్నట్టున్నదిరా" అంది. నాలుగేళ్లలో ఏ కాగితం మీదా నేను ఇంత బాగా రాయలేదు. నోట్‌బుక్‌లో మొదటి మాట అదే.

ఆ పులుపు ఎక్కడిదో చెప్పాలి. లువార్‌లో తీగ చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. వసంతంలో చిగురిస్తుంది, సెప్టెంబర్, అక్టోబర్‌లో కోత. దక్కన్‌లో తీగకు నిద్ర లేదు. వదిలేస్తే ఏడాదంతా పెరుగుతూనే ఉంటుంది. అందుకే రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో కొమ్మ కోసం, అక్టోబర్‌లో కాయ కోసం. పంట ఒక్కటే. వానలో గెల తడిస్తే బూజు తెగులు పట్టుకుంటుంది కాబట్టి, కాయ పండే రోజులు ఎండాకాలం మొదట్లో పడేట్టు మనిషి కత్తెరతో రుతువును మార్చుకున్నాడు. ఇంకో చిక్కు వేడి. రాత్రిళ్లు వెచ్చగా ఉంటే కాయలోని పులుపు కరిగిపోతుంది. షెనిన్ మాత్రం వేడిలోనూ పులుపును గట్టిగా పట్టుకుంటుంది. నాసిక్‌లో అది నిలదొక్కుకున్నది అందుకే. కొంచెం తీపి మిగిల్చి చేస్తారు గనక కారం తిన్న నాలుకకు హాయిగా ఉంటుంది. లువార్ షెనిన్ పక్కన పెట్టి దీన్ని తక్కువ చేసేవాళ్లను చూశాను. నాకది న్యాయం అనిపించదు. వాళ్ల చేప వేరు, మన చేప వేరు.

పెద్దవూర, కొండమల్లేపల్లి మీదుగా దేవరకొండ దారి పట్టాం. అక్కడక్కడా బత్తాయి తోటలు. ప్రతి మండల కేంద్రంలో ‘వైన్స్’ అని పెద్ద బోర్డు. లోపల ఉండేది బీరు, విస్కీ, బ్రాందీ. రెండు చోట్ల ఆగి ద్రాక్ష వైన్ ఉందా అని అడిగాను, లేదన్నారు. మా దగ్గర ఆ మాటకు అర్థం మందు దుకాణమే.

డిండి ఇంకా కొంత దూరం ఉందనగా తమ్ముడి అత్తగారి ఊరు. ఊరి బయట తాటివనం. మేం పోయేసరికి నాలుగు కావస్తోంది. వాడు గౌడ్ మామ అని పిలిచే పెద్దాయన అప్పుడే చెట్టు దిగి, మోకు భుజాన వేసుకుని వస్తున్నాడు. అరవై దాటిన మనిషి, కాళ్ల పిక్కలు రాళ్లలా ఉన్నాయి. ముందు తాటాకు మడిచి నా దోసిట్లో పెట్టి, లొట్టి వంచి కల్లు పోశాడు. ఈత కల్లు పోయే కాలం, తాటి కల్లు వచ్చే కాలం ఇది. తాటి రకాల్లో పోత్తాడు ఎట్లా ఉంటుంది, పరుపుతాడు ఎట్లా ఉంటుంది, పండుతాడు ఎప్పుడొస్తుంది అని చెప్పుకుంటూ పోయాడు. "ఏ చెట్టు కల్లు ఆ చెట్టుదే బిడ్డా. గట్టు మీదిది ఒక తీరు, చెరువు కట్టదింకొక తీరు. కండ్లు మూసుకొని చెప్తా" అన్నాడు. ఫ్రెంచివాళ్లు దీన్నే టెర్వార్ అంటారు. నేల, గాలి, ఎండ, ఊరు కలిసి ఇచ్చే రుచి. నాసిక్‌లో ఈ ఒక్క మాట మీద మాకు రెండు రోజులు క్లాసు చెప్పారు.

షెనిన్ గ్లాసులో పోసి ఇచ్చాను. "ద్రాక్షపండ్ల కల్లు అనుకో మామా" అన్నాను. ఆయన ముందు వాసన చూశాడు. మొదటి గుక్క నోరంతా తిప్పి పక్కకు ఉమ్మేశాడు. మాకు నేర్పిన పద్ధతి అదే, ఆయనకు మాత్రం ఎవరూ నేర్పలేదు. రెండో గుక్క మింగి కాసేపు చెట్టు వైపు చూశాడు.

"గిది పొద్దుగాల దించినట్టున్నది. మాపటిది కాదు. తీపి ఇంక సావలే." కొంచెం ఆగి, "ఎట్ల ఆపిన్రు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నా ఒళ్లు జలదరించింది. వైనరీ చూడడానికి వచ్చిన వందలమందికి నేను ట్యాంకులు చూపించాను. ఒక్కరూ అది అడగలేదు. ఈస్ట్ చక్కెరను తింటూ పోతుంది, తిన్నకొద్దీ ఆల్కహాల్ పెరుగుతుంది. ఎక్కడ ఆపాలన్నదే తెల్ల వైన్ చేసేవాడి అసలు పని. మొదటి నుంచీ ట్యాంకును 15 డిగ్రీల దగ్గర ఉంచి నెమ్మదిగా పులియబెడతామని, అనుకున్నంత తీపి మిగలగానే బాగా చల్లబరిచి, ఈస్ట్‌ను వడగట్టేస్తామని చెప్పాను. "మేం సున్నం రాస్తం" అన్నాడు. నిజమే, లొట్టి లోపల సున్నం పూస్తే నీరా పులియకుండా తియ్యగా నిలుస్తుంది. అక్కడ చలి చేసే పని ఇక్కడ సున్నం చేస్తుంది. ఆ పులిసేది కూడా చాలావరకు ఒకే జాతి ఈస్ట్. కాకపోతే చెట్టు మీదికి అది తనంతట తానే వస్తుంది, మేం పొట్లం విప్పి వేస్తాం. నూటికి పన్నెండు, పదమూడు పాళ్ల ఆల్కహాల్ ఉంటుందని చెబితే తల ఊపి, "అందుకే గొంతుల వెచ్చగ దిగుతున్నది. గిది లొట్టెడు తాగేది కాదు" అని గ్లాసు తిరిగిచ్చాడు. నోట్‌బుక్‌లో ‘పొద్దుగాల దించినది’ అని రాసుకున్నాను.

కల్వకుర్తి, జడ్చర్ల దాటి మామ తోట చేరేసరికి చీకటి పడింది. మామ అంటే అమ్మ తమ్ముడు. పాలమూరు పక్కన పల్లెలో మూడెకరాల ద్రాక్ష పందిరి. కాసేది అనాబ్-ఎ-షాహీ. పేరుకు తగ్గట్టు రాజుల ద్రాక్ష, హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు దీనిదే రాజ్యం. పెద్ద పెద్ద గుండ్లు, పలచని తీపి, తినడానికి అంత బాగుంటుంది. టార్చి వెలుగులో ఒక పండు పిండి చక్కెర కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చూశాను. 15 బ్రిక్స్, అంటే నూటికి సుమారు 15 పాళ్ల చక్కెర. వైన్‌కు 20 పైన ఉండాలి. గుండు చిన్నగా, తోలు మందంగా ఉండాలి, ఎందుకంటే ఎర్ర వైన్ రంగూ వగరూ తోలులోంచే వస్తాయి. మామ పండు తప్పు కాదు, అది వేరే పనికి పుట్టింది.

అప్పుడు ఎర్ర సీసా తీశాను. పట్టుకుంటే టీ గ్లాసులా వెచ్చగా ఉంది. పొద్దంతా డిక్కీలో ఉడికింది. మూత తీసి వాసన చూస్తే స్పిరిట్ తప్ప ఇంకేమీ లేదు. నా ప్రాణం ఉసూరుమంది. మామకు చూపించాలని నెల నుంచి దాచుకున్న సీసా అది. ఇక్కడి అత్తమ్మ, అంటే మామ భార్య, ఏమీ అనకుండా సీసాకు తడి గోనెపట్టా చుట్టి, నీళ్ల రంజన్ కుండ పక్కన గాలి తగిలే చోట పెట్టింది. గంట తర్వాత పోస్తే, పూర్తిగా కాకపోయినా, మనిషి లేచి కూర్చున్నట్టు లేచింది.

నాటుకోడి కూరతో మాత్రం కుదరలేదు. కారం మీద ఎర్ర వైన్ పడితే వగరు రెట్టింపవుతుంది, నోరు మండుతుంది. కూర పక్కన పెట్టి, జొన్నరొట్టె, వేయించిన పల్లీలతో తాగితే సర్దుకుంది. మామ రెండో గుక్కకు అన్నాడు, "నేరేడు పండ్లు తిన్నంక నాలుక గుంజుతది చూడు, గట్లనే. ఎనుక మిరియాల వాసన." ఆ మిరియం షిరాజ్‌ది. పేరు విని ఇరాన్‌లోని షిరాజ్ నగరం నుంచి వచ్చిందనుకుంటారు గానీ, దీని తల్లి, తండ్రి రెండూ ఫ్రాన్స్ తీగలేనని 1998లో డీఎన్ఏ పరీక్షలో తేలింది. ఫ్రాన్స్‌లో దీని పేరు సిరా. రోన్ నది పక్కన కోర్నాస్ అనే ఊళ్లో గ్రానైట్ గుట్టల మీద పెంచుతారు.

గ్రానైట్ అనగానే మామ వాకిట్లోంచి బయటికి చూశాడు. వెన్నెట్లో గుట్టలు, గుండ్లు. చుట్టూ ఎర్ర చెల్కలు. "గదే రాయి మనకాడ లేదా?" అన్నాడు.

ఉంది. నిజం కూడా చెప్పాను. నాసిక్ 600 మీటర్ల ఎత్తుకు దగ్గర, పాలమూరు సుమారు 500. జనవరి రాత్రుల్లో నాసిక్‌లో ఉండే చలి ఇక్కడ ఉండదు, పులుపు నిలబెట్టడం కష్టం. మహారాష్ట్ర 2001లోనే వైనరీల కోసం ప్రత్యేక విధానం తెచ్చి పన్ను తగ్గించింది, అందుకే అక్కడ రైతు ధైర్యం చేశాడు. కానీ మన హైదరాబాద్ వాళ్లు, చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు, హంపి కొండల్లో కాబర్నే పెట్టి మంచి వైన్ తీస్తున్నారు. అది కూడా వేడి నేలే, రాళ్ల నేలే. షిరాజ్ ఇక్కడ బతుకుతుందని నా నమ్మకం. ఎంత బాగా వస్తుందన్నది నాలుగేళ్ల మాట.

పొద్దున లేచేసరికి మామ మంచంలో లేడు. పందిరి అవతల, రాళ్లెక్కువని ఏమీ వేయని చెల్కలో, కట్టె పట్టుకుని అడుగులు కొలుస్తున్నాడు. ఇప్పుడు డాగ్రిడ్జ్ రకం వేరుమొక్కలు నాటితే దసరా నాటికి అంటు కట్టడానికి వస్తాయని ద్రాక్ష రైతుకు నేను చెప్పాల్సిన పని లేదు.

"ఇరవై గుంతలు తీపిస్త. కొమ్మలు నువ్వు తేవాలె" అన్నాడు.

"అక్టోబర్ కత్తిరింపుల తెస్త మామా" అన్నాను.

"షెనిన్‌వి గూడ రెండు కట్టలు తే" అంది వెనక నుంచి అత్తమ్మ.

తమ్ముడు బండి స్టార్ట్ చేశాడు. సీసాలో మిగిలిన నాలుగు గుక్కల తెల్ల వైన్‌ను అత్తమ్మ చేతికిచ్చి, ఖాళీ ఐస్ డబ్బాలో మామ తెంపిన అనాబ్-ఎ-షాహీ గెలలు సర్దుకున్నాను.