19 ఏళ్ల కుర్రాళ్లతో మా హ్యూస్టన్ ప్రయాణం

2021 జనవరిలో స్టార్ ఆటగాడు జేమ్స్ హార్డెన్‌ను మా బాస్కెట్‌బాల్ జట్టు హ్యూస్టన్ రాకెట్స్ బ్రూక్లిన్ జట్టుకు పంపేసిన రోజు మావాడు అన్నం ముట్టలేదు. వాడికప్పుడు పదకొండేళ్లు. ఆ సీజన్‌లో వరసగా 20 మ్యాచ్‌లు ఓడిపోయాం. 72 ఆడితే గెలిచినవి 17. లీగ్‌లో మాదే ఆఖరి స్థానం.

ఎన్‌బీఏలో, అంటే మేం ఆడే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో, ఓడిన జట్లకే కొత్త కుర్రాళ్లను ముందుగా ఎంచుకునే వీలు దొరుకుతుంది, కానీ వరస తేల్చేది లాటరీ. అప్పట్లో చివరి మూడు జట్లకూ మొదటి నంబరు, అంటే అందరికంటే ముందు ఎంచుకునే వీలు, వచ్చే అవకాశం తలా 14 శాతమే. పైగా ఆ ఏడాది మా నంబరు ఐదుకు జారితే, పాత ఒప్పందం ప్రకారం అది ఓక్లహోమా సిటీ జట్టుకు పోతుంది. లాటరీ తీసిన సాయంత్రం పడిన టెన్షన్ మా వీసా ఇంటర్వ్యూకి కూడా పడలేదు. రెండో నంబరు వచ్చింది. జేలెన్ గ్రీన్‌ను తీసుకున్నారు. పదహారో నంబరుతో షెంగూన్ కూడా వచ్చాడు. ఇద్దరికీ 19 ఏళ్లే.

గ్రీన్ గాల్లోకి లేస్తే ఇద్దరం సోఫాలోంచి లేచేవాళ్లం. ఒకరోజు 30 పాయింట్లు కొడతాడు, మర్నాడు కనిపించడు. పక్కనే మనిషి ఖాళీగా ఉన్నా బంతి ఇవ్వడు. పోయిన బంతి కోసం ఎవరూ వెనక్కి పరిగెత్తరు. తర్వాతి రెండేళ్లలో 20 గెలుపులు, 22 గెలుపులు. మధ్యలో మూడో నంబరుతో జబారి స్మిత్, ఇంకో 19 ఏళ్లవాడు! సీనియర్ లేకుండా ఫ్రెషర్లతోనే ప్రాజెక్టు నడిపితే ఏమవుతుందో నేను ఆఫీసులో చూశాను. ఇక్కడా అదే జరుగుతోందని మావాడితో అనేవాణ్ణి. తప్పు ఆ పిల్లలది కాదని ఇప్పటికీ నా నమ్మకం.

2023 లాటరీ రోజు మాత్రం గుండె జారిపోయింది. మాలాగే 22 మ్యాచ్‌లే గెలిచిన పక్కూరు శాన్ ఆంటోనియోకి మొదటి నంబరు, దాంతో అందరూ కోరుకున్న కుర్రాడు వెంబన్యామా. మాకు నాలుగో నంబరు, ఆమెన్ థాంప్సన్. మావాడు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

కానీ ఆ ఏడాదే కోచ్‌గా ఇమే ఉడోకా వచ్చాడు. ఫ్రెడ్ వాన్‌వ్లీట్, డిలన్ బ్రూక్స్ లాంటి అనుభవజ్ఞులూ చేరారు. కుర్రాళ్లు దాదాపు వాళ్లే, ఆట మాత్రం మారిపోయింది. డిఫెన్స్‌కు అందరూ పరిగెత్తడం మొదలుపెట్టారు. 41 గెలిచాం, మరుసటి ఏడాది 52. లీగ్‌లోని పశ్చిమ విభాగం వెస్ట్‌లో రెండో స్థానం! సీజన్ చివర్లో జరిగే నాకౌట్ పోరు ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లో గోల్డెన్ స్టేట్ జట్టు చేతిలో, ఫలితం తేల్చే ఏడో మ్యాచ్ మా ఊళ్లోనే ఓడాం. అయినా బాధ కంటే గర్వమే ఎక్కువైంది.

ఆ వేసవిలో సీనియర్ స్టార్ కెవిన్ డ్యురాంట్ కోసం గ్రీన్‌ను ఫీనిక్స్‌కు పంపేశారు. వార్త చూసి మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నాన్నా, వాడికింకా 23 ఏళ్లే కదా. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు."