ఏడ్చే పిల్లాడికి బెత్తం

ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో డచ్ చిత్రకారుడు యాన్ స్టేన్ వేసిన ‘సెయింట్ నికొలస్ పండుగ’ చిత్రం ముందు చాలాసేపు నిలబడిపోయాను. 1665-68 ప్రాంతంలోది. వెలుగంతా బొమ్మను హత్తుకున్న చిన్నపాప మీదే. అమ్మ చేతులు చాచినా ఇవ్వదు, గడుసుది! వెనకాల ఒక పిల్లాడు ఏడుస్తున్నాడు. ఈ పండుగకి మంచి పిల్లల బూటులో మిఠాయి, అల్లరి పిల్లల బూటులో బెత్తం పెట్టడం ఆనవాయితీ. అల్లరి చేశాడేమో, వాడికి మిఠాయికి బదులు పుల్లల బెత్తం దొరికింది. పాప దగ్గర మొదలైన చూపు వాడి మీదుగా ఏటవాలుగా పాకి, తెర పక్కన వేలితో రమ్మంటున్న నాయనమ్మ (అమ్మమ్మో మరి) దగ్గర ఆగుతుంది. ఆవిడ వాడి కోసం ఏదో దాచే ఉంటుంది. కింద వాఫుల్స్, రొట్టెలు, చిందరవందర.

సెయింట్లను కొలిచే క్యాథలిక్ ఆచారమని అప్పటి ప్రొటెస్టెంట్ అధికారులకు ఈ పండుగ గిట్టేది కాదు. స్టేన్ మాత్రం క్యాథలిక్. నాకైతే ఏడ్చేవాణ్ని చూపిస్తూ నవ్వుతున్న ఆ బుడ్డోడికి ఒక్కటివ్వాలనిపించింది.